ఆటో ఎక్కకుండా దుర్గం చెరువు దాకా

బాచుపల్లి నుంచి దుర్గం చెరువు తీగల వంతెనకు రోజూ ఎంతోమంది వెళ్తుంటారు. అదీ ఒక యాత్రేనా అని మీరు ముక్కున వేలేసుకోవచ్చు. కానీ మేం నడిచి బయల్దేరాం. అరవై దాటిన ఇద్దరం, దారిలో రెండు ఇళ్లలో మకాం వేసుకుంటూ, మూడు రోజులు నడిచాం. కార్లో పోయేవాళ్లకు ఈ దారిలో సిగ్నళ్లు తప్ప ఏమీ కనబడవు. నడిచేవాళ్లకు గోతులు, గారెలు, మనుషులు, మోకాళ్లు అన్నీ తెలిసొస్తాయి. ఇంకా వెళ్లని వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. చదివాక కూడా వెళ్లకపోతే నేనేమీ అనుకోను.

బయల్దేరడానికి కారణం

మా ఆవిడ సుగుణకు షుగర్ కాస్త ఎక్కువని తేలాక అపార్ట్‌మెంట్‌లో ఆడవాళ్ల నడక బృందంలో చేరింది. దానికి నాయకురాలు ప్రమీల గారు. ఒకప్పుడు స్కూల్లో డ్రిల్లు టీచరు. ఉద్యోగం అయిపోయినా విజిల్ మాత్రం ఆవిడ మెడలోనే ఉండిపోయింది. ఏడాది తిరిగేసరికి సుగుణ షుగర్ దారికొచ్చింది, నడక మాత్రం దారి తప్పింది. అంటే ఆవిడ వేగం నాకు అందకుండా పోయింది. పెళ్లయిన కొత్తలో నేను ముందు, తను వెనక నడిచేవాళ్లం. ఇప్పుడు కింద పార్కులో నా మోకాళ్లు పట్టుకుని నేను ఒక చుట్టు తిరిగేలోగా వెనక నుంచి వచ్చి, "కొంచెం పక్కకి జరగండి" అని పరాయివాడితో అన్నట్టు అనేసి దాటిపోతుంది.

ఇంతలో ఆ బృందానికి తిరుమల మెట్లు ఎక్కాలన్న సంకల్పం కలిగింది. భర్తలున్న వాళ్లు భర్తలతో రావచ్చన్నారు. నా పేరు వచ్చేసరికి ప్రమీల గారు నా ఎదురుగానే, "అన్నయ్య గారు బస్సులో పైకి వచ్చేస్తారు లెండి. మన సామాన్లు కూడా ఆయనతో పంపిద్దాం" అన్నారు. నన్ను సామాన్లతో కట్టేశారు. దానికి నేను అంత బాధపడలేదు. సుగుణ "అదే మంచిది" అన్నట్టు తలూపిందే, అది గుచ్చుకుంది. ఆవిడ ఇలాగే ముందుకు నడిచిపోతూ ఉంటే ముసలితనంలో నేను వెనక ఎక్కడో బెంచీ మీద మిగిలిపోతానని నిజంగానే దిగులేసింది.

"నేనూ ఎక్కగలను" అన్నాను ఇంటికొచ్చాక.

"ముందు బాచుపల్లి దాటండి చూద్దాం" అంది.

అలా మాటా మాటా పెరిగి పందెం దాకా వచ్చింది. ఇంటి నుంచి దుర్గం చెరువు వంతెన దాకా, రోజుకు కొంత చొప్పున నడవాలి. దారిలో బండి ఎక్కకూడదు. నేను ఎక్కితే బృందం సామాన్లతో తిరుమల బస్సులో కూర్చోవాలి. ఎక్కకుండా వంతెన చేరితే, లేదా తనే ముందు బండి ఎక్కితే, ప్రమీల గారికి ఒక నమస్కారం పెట్టేసి నా పక్కన, నా నడకతో, ఎంతసేపు పట్టినా కొండ ఎక్కాలి. చేతిలో చెయ్యి వేసుకుని ఒప్పుకున్నాం. పెళ్లిలో కూడా ఇంత గట్టిగా పట్టుకోలేదు.

మొదటి రోజు: బాచుపల్లి నుంచి మియాపూర్

బాచుపల్లిలో పొద్దున బయల్దేరకూడదని బయల్దేరాక తెలిసింది. ఆ వేళప్పుడు ఈ ప్రాంతమంతా పసుపుపచ్చ స్కూలు బస్సులది. అవి వెళ్లే దాకా పెద్దలు గోడలకు అంటుకుని నిలబడాలి. ఫుట్‌పాత్ మీద నడుద్దామంటే అక్కడ వరసగా ఒక ట్రాన్స్‌ఫార్మరు, ఒక పానీపూరీ బండి, నాలుగు మోటార్‌సైకిళ్లు, పడుకున్న ఒక కుక్క ఉన్నాయి. వాటిలో దేనికీ లేవాలన్న ఉద్దేశం కనబడలేదు.

మా తణుకులో అయితే సంచి తగిలించుకుని నడుస్తుంటే ప్రతి అరుగు మీద నుంచీ "ఎందాకండీ?" అని అడుగుతారు. సమాధానం చెప్పుకుంటూ పోతే ఊరు దాటడానికి పూట పడుతుంది. ఇక్కడ ఆ ప్రశ్న అడిగేది ఆటోవాళ్లే. ప్రతి ఆటో మా దగ్గర నెమ్మదించి, "ఎక్కడికి సార్?" అని ఆప్యాయంగా అడిగేది. నేను సమాధానం చెప్పబోతే సుగుణ నా మోచెయ్యి గిల్లేది.

దారిలో చిరుధాన్యాల టిఫిన్ సెంటర్ అని కొత్త బోర్డు కనబడితే ఆగాం. రెండు కొర్ర ఇడ్లీలు తొంభై రూపాయలు. చట్నీలో ఉప్పు తగ్గించామని గోడ మీద గొప్పగా రాశారు. తిన్నాక తగ్గించలేదని, మానేశారని అర్థమైంది. చెయ్యి కడుక్కోవడానికి వెనక్కి వెళ్తే యజమాని స్టూలు మీద కూర్చుని పక్క బండి నుంచి తెప్పించుకున్న మైసూర్ బజ్జీ తింటున్నాడు. నన్ను చూసి ఏమీ కంగారు పడలేదు. "నాకు షుగర్ లేదు సార్" అన్నాడు. ఆ ధైర్యానికి నాకు ముచ్చటేసి ఒక బజ్జీ అడిగాను, ఇచ్చాడు. ఈ సంగతి సుగుణకు ఇది చదివే దాకా తెలియదు.

మియాపూర్‌లో మా చెల్లెలు విజయ ఇల్లు. ఆరోగ్యం కోసం నడిచి వస్తున్నామని ముందురోజు ఫోన్ చేసి చెప్పడం నా బుద్ధి తక్కువ. మా వైపు వాళ్ల లెక్కలో నడిచి వచ్చినవాడంటే నీరసించి వచ్చినవాడు, అతన్ని మళ్లీ మనిషిని చెయ్యాలి. విజయ పొద్దుటే లేచి గారెలు, పులిహోర, ముద్దపప్పు, వంకాయ కూర, బొబ్బట్లు చేసి పెట్టింది.

"విజయా, మేం షుగర్ తగ్గించుకోవడానికే కదా నడుస్తున్నాం?" అన్నాను.

"బెల్లంతో చేశాను అన్నయ్యా, పంచదార వెయ్యలేదు" అంది.

"నెయ్యి?"

"నెయ్యి ఎముకలకు మంచిది. నీ మోకాళ్ల కోసమే" అని ఇంకో గరిటె పోసింది.

మా బావగారు పక్కన కూర్చుని, "తినండి బావగారూ, రేపెలాగూ నడుస్తారుగా" అన్నారు. మా వైపు ఇళ్లలో ఇది వాదనే కాదు, తీర్పు. రెండు బొబ్బట్లు తిన్నాను. సుగుణ ఒకదానిలో సగం తిని, మిగతా సగం నా ఆకులోకి జరిపి, "చూశారా, ఎంత తింటారో" అని విజయతో ఫిర్యాదు చేసింది.

మర్నాడు గుమ్మం దాటబోతుంటే విజయ వదినకు బొట్టు పెట్టి తాంబూలం ఇచ్చింది. జాకెట్ ముక్క, అరటిపళ్లు, వక్కలు, ఇంత లావు కొబ్బరికాయ. పైగా ఒక మాగాయ సీసా. తాంబూలంలో ఇచ్చింది వద్దనకూడదు, దారిలో వదిలెయ్యకూడదు. ఆ కొబ్బరికాయ నా వీపు మీద సంచిలో కూర్చుని, ప్రతి అడుగుకీ వెన్నెముకను పలకరించడం మొదలుపెట్టింది.

రెండో రోజు: మియాపూర్ నుంచి కొత్తగూడ

ఇక్కడ నా పరువుకు సంబంధించిన ఒక సంఘటన జరిగింది. దాచకుండా చెప్తాను.

మియాపూర్‌లో రోడ్డు దాటడం మావల్ల కాలేదు. మెట్రో స్టేషన్‌లోకి ఎక్కి అటువైపు దిగితే సులువని ఎవరో చెప్పారు. మెట్లు చూడగానే నా మోకాలు వద్దంది. పక్కనే కదిలే మెట్లు ఉన్నాయి. ఆలోచించకుండా వాటి మీద కాలు పెట్టాను. పక్కన మామూలు మెట్ల మీద నుంచి సుగుణ ఒక్క కేక వేసింది.

"ఏమండీ! దిగండి! అదీ బండే!"

"ఇది మెట్లే కదే!"

"మెట్లయితే మీరు నడవకుండా ఎలా వెళ్తున్నారు?"

న్యాయంగానే ఉంది. ఓడిపోయానన్న భయంతో వెనక్కి తిరిగి కిందికి దిగడం మొదలుపెట్టాను. మెట్లు పైకి వస్తున్నాయి, నేను కిందికి పోతున్నాను. ఆ రెండు వేగాలూ సరిగ్గా సరిపోయాయి. నా జీవితంలో ఎప్పుడూ అంత వేగంగా నడవలేదు, ఉన్నచోటి నుంచి ఒక్క అంగుళం కదల్లేదు. వెనక కొబ్బరికాయ ఎగురుతోంది. కాలేజీ పిల్లలు ఫోన్లు బయటికి తీశారు. సెక్యూరిటీ అతను పరుగెత్తుకొచ్చి మెట్లు ఆపేసి, "అంకుల్, ఏందిది? పైకి పోతరా, కిందికొస్తరా? ఒక్కటి చెప్పుండ్రి!" అని తల పట్టుకున్నాడు.

నవ్వు ఆపుకోలేక సుగుణ మెట్ల మీద కూలబడింది. తర్వాత కళ్లు తుడుచుకుని, నేను పైకీ పోలేదు కిందికీ రాలేదు కాబట్టి బండి ఎక్కినట్టు కాదని తీర్పు చెప్పింది. పందెం నిలిచింది. పక్కనున్న మామూలు మెట్లన్నీ నడిచే ఎక్కాను, మధ్యలో రెండుసార్లు అక్కడి ప్రకటనలు చదువుతున్నట్టు నటిస్తూ.

హఫీజ్‌పేట, కొండాపూర్ దాటి కొత్తగూడ చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. అక్కడ మా నర్సింహ ఇల్లు. నాతోపాటు ప్రభుత్వ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. కొత్తగూడ పల్లెగా ఉన్నప్పటి నుంచీ వాళ్లది ఆ ఊరే. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచినా వాళ్ల డాబా ఇల్లు అలాగే ఉంది. ఇప్పుడు ఫ్లైఓవర్ వాళ్ల మేడకు సమానంగా పోతుంది. అతని భార్య బాలమణి మేడ మీద మిరపకాయలు ఎండబోస్తుంటే కార్లలో వాళ్లు అద్దాలు దించి ఘాటుకు తుమ్ముకుంటూ పోతారట.

"ఏంది సార్, గిట్ల నడుచుకుంట వచ్చిండ్రు? బస్సులు బందయినయా?" అని నర్సింహ నా సంచి అందుకుని, బరువుకు ముందుకు తూలాడు. "ఏం పెట్టిండ్రు సార్ గిందుల, రాళ్లా?"

జొన్న రొట్టెలు, పచ్చిపులుసు, పప్పు పెట్టారు. మా ఇంట్లో పులుసంటే మరగాలి, వీళ్లది పొయ్యి మొహం చూడదు. ఆ ఎండలో అది గొంతు దిగుతుంటే మా పద్ధతి మీద నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. వింత ఏమిటంటే, భార్యాభర్తలిద్దరూ తమ కంచాలు చూసుకోవడం లేదు. నర్సింహకు బీపీ, బాలమణికి షుగర్. అతను ఆవిడ కంచంలో రెండో రొట్టె తీసేశాడు. ఆవిడ అతని చేతిలో పచ్చడి గిన్నె లాక్కుంది.

"మీ ఇద్దరికీ ఈ గొడవెందుకు, ఎవరిది వాళ్లు చూసుకోవచ్చు కదా" అన్నాను.

"నాది నేనే చూసుకుంటే ఇగ కోపమొస్తే ఎవరి మీద చూపియ్యాలె అన్నా?" అంది బాలమణి. "ఈయన నా రొట్టె తీసిండనుకో, తిట్టనీకి నాకొక మనిషి ఉన్నడు. గా తిట్టుడుతోనే నా పానం బాగున్నది."

నర్సింహ గర్వంగా తలూపాడు. నేనూ సుగుణా మా కంచాలకేసి చూసుకున్నాం. మా ఇంట్లో ఆవిడ తన కొలత ప్రకారం తను తింటుంది, నేను నా ఇష్టం ప్రకారం నేను తింటాను. ఈ మధ్య తిట్టుకోవడం కూడా తగ్గిపోయింది.

మర్నాడు బయల్దేరేటప్పుడు బాలమణి సుగుణను పీట మీద కూర్చోబెట్టింది. "మా ఇంటికి తొలిసారి వచ్చినవు వదినా. నాకు ఆడబిడ్డ లెక్కనే. ఒడిబియ్యం పొయ్యకుంట ఎట్ల పంపుత?" అంది. ఇది తెలంగాణ ఇళ్లలో ఆడపడుచుకు చేసే మర్యాద. కొంగు పట్టించి పసుపు కలిపిన బియ్యం, కుడుకలనే ఎండుకొబ్బరి చిప్పలు, ఖర్జూరాలు ఒడిలో పోస్తారు. ఇంటికి తీసుకెళ్లి వండుకుని నలుగురికీ పెట్టుకోవాలి. మా వైపు అలవాటు కాదు కాబట్టి ఎంత పోస్తారో మాకు తెలియదు. బాలమణి దోసిళ్లతో పోస్తూనే ఉంది. సుగుణకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పుట్టింట్లో అమ్మ పోయాక తనను ఎవరూ ఇలా ఇంటి ఆడపిల్లలా సాగనంపలేదంది. నా కళ్లలోనూ నీళ్లు తిరిగాయి, కానీ అవి మూట బరువు చూసి.

మూడో రోజు: హైటెక్ సిటీ

కొత్తగూడ నుంచి హైటెక్ సిటీ వైపు తిరిగాక లోకం మారిపోతుంది. మెడలో కార్డులు వేసుకున్న పిల్లలు వరసగా పోతుంటారు, ఎవరి ఫోన్‌తో వాళ్లు మాట్లాడుకుంటూ. ఒక పెద్ద భవనం మొదటి అంతస్తులో అద్దాల వెనక వ్యాయామశాల ఉంది. కార్లలో వచ్చి, లిఫ్టులో పైకెళ్లి, యంత్రాల మీద నిలబడి రోడ్డుకేసి చూస్తూ పరుగెత్తుతున్నారు. మెట్రో స్టేషన్‌లో నేను ఉచితంగా చేసిన పనే అది. వీళ్లు నెలకింత కట్టి చేస్తున్నారు. కొబ్బరికాయ ఒక్కటే తక్కువ.

కింద దుకాణంలో ఆరోగ్య రసం అని బీట్‌రూటు, క్యారెట్టు కలిపి గ్లాసు నూట యాభైకి అమ్ముతున్నారు. ఒకటి తీసుకుని ఇద్దరం పంచుకున్నాం. తాగాక ఇద్దరి మూతులూ తాంబూలం వేసుకున్నట్టు ఎర్రబడ్డాయి. ఒకరినొకరు చూసుకుని పాత పెళ్లికొడుకూ పెళ్లికూతురిలా ఉన్నామని నవ్వుకున్నాం.

అక్కడి నుంచి లేచేటప్పుడు నా అవస్థ చూసి సుగుణ ఒడిబియ్యం మూట తీసుకుంది. "నా ఒడిలో పోసింది నేనే మోస్తాను" అంది. రెండు చేతులా చంకబిడ్డలా ఎత్తుకుంది. దాంతో ఆవిడ నడక తగ్గింది. చాలా కాలానికి ఇద్దరం పక్కపక్కన, ఒకే వేగంతో నడిచాం. ఏం మాట్లాడుకున్నామో గుర్తులేదు గానీ నాకు చాలా సంతోషంగా ఉంది. మోకాలు నొప్పి కూడా అప్పుడప్పుడే గుర్తొచ్చింది. భవనాల మీదుగా వంతెన తీగలు కనబడ్డాయి. ఇంకొంచెం దూరం నడిస్తే గెలుపు నాదే.

సరిగ్గా అప్పుడే, మూట అడ్డంగా ఉండటంతో, ఊడిపోయిన ఫుట్‌పాత్ పలక సుగుణకు కనబడలేదు. పాదం మెలికపడింది. "అమ్మా" అని కూర్చుండిపోయింది. మూట మాత్రం కింద పడనివ్వలేదు. చూస్తుండగానే చీలమండ ఉబ్బిపోయింది. లేవబోయి లేవలేక నా భుజం పట్టుకుంది.

ఒక ఆటో వచ్చి ఆగింది. మా ఇద్దరి ఎర్రటి మూతులు చూసి అతను హడలిపోయాడు. "అయ్యో, రక్తమొస్తుందా సార్? జల్ది ఎక్కుండ్రి, దవాఖానకు పోదాం!"

"రక్తం కాదు బాబూ, బీట్‌రూటు" అంది సుగుణ. "నేను ఎక్కను."

"కాలు గట్ల ఉబ్బితే ఎక్కవా పెద్దమ్మా?"

"ఎక్కితే ఓడిపోతాను."

అతను నాకేసి చూశాడు. పందెం సంగతి రెండు ముక్కల్లో చెప్పాను. అతను ఆటో హ్యాండిల్ మీద తల ఆనించి కాసేపు నవ్వాడు. "ఇంట్ల పంచాదులు మాకూ ఉంటయ్ సార్. గని రోడ్డు మీద గిట్ల పెట్టుకోరు. చూడుండ్రి, ఎవరు ముందెక్కుతరో ఎక్కుండ్రి. ఎనక బండ్లు హారన్లు కొడుతున్నయ్."

"సుగుణా, పందెం రద్దు చేద్దాం" అన్నాను.

"జాలి పడి గెలిపించొద్దు నన్ను. అయిదు నిమిషాల్లో నొప్పి తగ్గుతుంది, నడుస్తాను" అంది. పళ్లు బిగించి లేవబోయి మళ్లీ కూర్చుంది. నొప్పికి ఆవిడ పెదవి వణకడం చూశాను. ఇన్నేళ్లలో నేను చూసిన సుగుణ అలా వణకదు. ఆవిడ ఎక్కితే గెలుపు నాదే, తిరుమల మెట్ల మీద నా పక్కన ఆవిడే. వంతెన తీగలు ఎదురుగా మెరుస్తున్నాయి. ఆవిడ మాత్రం ఓడిపోవడం కంటే ఆ కాలితో నడవడానికే సిద్ధంగా ఉంది.

నేను వెళ్లి ఆటోలో కూర్చున్నాను.

"ఇక మోకాలు నావల్ల కావడం లేదు" అన్నాను. "నేను ఓడిపోయాను. నువ్వు వస్తావా, ఇక్కడే ఉంటావా?"

సుగుణ నా మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత ఆటో డ్రైవర్ చెయ్యి పట్టుకుని, మూటతో సహా ఎక్కి, నా పక్కన కూర్చుని, తన ఉబ్బిన కాలు తీసి నా ఒళ్లో పెట్టింది. ఆటో కదిలింది.

కాసేపటికి ఫోన్ తీసి ప్రమీల గారికి చేసింది. నేను రోడ్డుకేసి చూస్తూ సామాన్ల బస్సుకు మనసు సిద్ధం చేసుకున్నాను.

"ప్రమీల గారూ, మా ఆయన మధ్యలోనే చేతులెత్తేశారండీ... అవును, మోకాలే... ఆటో ఎక్కేశారు" అంది. "తిరుమలకు మీరంతా వెళ్లి రండి. ఈయన్ని ఒక్కణ్ణీ బస్సులో పంపి నేను రాలేనండీ. తర్వాత ఎప్పుడో మేమిద్దరం మెల్లగా ఎక్కుతాం. ఏం చెయ్యనండీ, ఈయనకు నేను పక్కన లేకపోతే నడక సాగదు." అని ఫోన్ పెట్టేసి, వాపు మీద నా చేతిని కొంచెం జరిపి, "అక్కడ కాదు, ఇక్కడ నొక్కండి" అంది.

ఇది జరిగి కొన్ని వారాలైంది. బెణుకే, మెల్లగా తగ్గుతోంది. కట్టు కనబడకుండా సుగుణ మేజోళ్లు తొడుక్కుంటోంది. పొద్దున్నే ఇద్దరం పార్కులో నెమ్మదిగా, పక్కపక్కనే నడుస్తున్నాం. బృందం వెనక నుంచి వచ్చి దాటిపోతూ, "అన్నయ్య గారూ, మోకాలు ఎలా ఉంది పాపం?" అని జాలిగా అడుగుతుంది. సుగుణ అప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకుంటుంది. నేను వెంటనే కుంటడం మొదలుపెడతాను.